నోట్లో తెల్ల గీతలు, చేతిలో మూడు ట్యూబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 54. తెనాలి దగ్గర ఒక ఊళ్లో టీచరుగా పనిచేస్తున్నాను. రెండేళ్లుగా రెండు బుగ్గల లోపలా తెల్ల గీతలు, ఎడమ బుగ్గలో పుండు ఉన్నాయి. చిగుళ్లు ఎర్రబడి, బ్రష్ తగిలితే రక్తం వస్తోంది. నోటిపూత అనుకుని ఏడాదిపాటు బీ-కాంప్లెక్స్ మాత్రలు మింగాను. చివరికి ముక్క తీసి పరీక్షకు పంపితే ‘ఓరల్ లైకెన్ ప్లానస్’ అని తేలింది. పళ్ల డాక్టరు ట్రయామ్సినలోన్ పేస్టు రాశారు. నెల రోజులు వాడినా నోట్లో ఇసుక పోసుకున్నట్టు ఉంది తప్ప గుణం కనిపించలేదు. చర్మ వైద్యులు క్లోబెటసాల్ ఆయింట్‌మెంట్ రాశారు. ట్యూబు మీద ‘పైపూతకు మాత్రమే’ అని ఉండటంతో భయపడి మూత కూడా తీయలేదు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఎక్కడో చదివి టాక్రోలిమస్ మంచిదన్నాడు. అదీ కొన్నాను. ఇప్పుడు మూడూ బీరువాలో ఉన్నాయి. వీటిలో ఏది మంచిది? జీవితాంతం వాడాలా? ఇది క్యాన్సర్ అవుతుందా? మా మనవరాలు నా కంచంలోనే తింటుంది, దానికి అంటుతుందా? నేను షుగరుకీ బీపీకీ మాత్రలు వేసుకుంటాను. ఆవకాయ తిని ఏడాదిన్నర అయింది. మళ్లీ తినగలనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మీ మనవరాలి సంగతి చెప్పేస్తాను, మిగతావన్నీ దాని తర్వాతే. ఇది అంటదు. కంచం పంచుకున్నా, ముద్దు పెట్టుకున్నా, ఒకే గ్లాసుతో నీళ్లు తాగినా అంటదు. లైకెన్ ప్లానస్ ఒకరి నుంచి ఒకరికి క్రిమి పాకి వచ్చే జబ్బు కాదు. మన ఒంటిని కాపాడాల్సిన తెల్ల రక్తకణాల్లో ఒక రకం దారి తప్పి, బుగ్గ లోపలి పొర అడుగున ఉండే కణాల మీదే దాడి చేస్తుంది. ఎందుకు దారి తప్పుతుందో వైద్యానికి ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నిశ్చింతగా అన్నం పెట్టండి.

మీరు చెప్పిన తెల్ల గీతలు బియ్యప్పిండితో వేసిన సన్న ముగ్గులా ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. 1895లో వాటిని విడిగా గుర్తించి రాసిన ఫ్రెంచి వైద్యుడి పేరుతోనే ‘విక్‌హామ్ గీతలు’ అంటారు. ఒక మాట గుర్తుపెట్టుకోండి. నొప్పి పుట్టించేవి ఈ గీతలు కావు. గీతలు మాత్రమే ఉండి మంటా పుండూ లేనివారికి చాలాసార్లు మందే అక్కర్లేదు, చూసుకుంటూ ఉంటే చాలు. బాధంతా గీతల మధ్య పొర పలచబడి ఎర్రబడిన చోటా, అది చిట్లి పుండైన చోటా ఉంటుంది. మందు వెయ్యాల్సింది అక్కడే. గీతలు పూర్తిగా మాయం కావాలని పట్టుబట్టి నెలల తరబడి బలమైన మందు రాసుకునేవాళ్లను చాలామందిని చూశాను. గీతలు ఉండిపోయినా నష్టం లేదు. పుండు మానాలి, ఎరుపు తగ్గాలి, మీరు హాయిగా అన్నం తినగలగాలి. మనకు కావలసింది అంతే.

ఇక మూడు ట్యూబుల్లో ఏది మంచిదంటారా? నా సమాధానం మీకు కొంచెం వింతగా అనిపించవచ్చు. ఏ మందన్నది రెండో ప్రశ్న. వేసిన మందు పుండు మీద ఎంతసేపు నిలిచిందన్నది మొదటి ప్రశ్న. చేతి మీద రాసిన క్రీము గంటల తరబడి అక్కడే ఉంటుంది. నోట్లో అలా కుదరదు. లాలాజలం ఊరుతూనే ఉంటుంది, నాలుక తిరుగుతూనే ఉంటుంది, మాట్లాడినప్పుడల్లా బుగ్గ పళ్లకు రాసుకుంటుంది. మీరు రోజంతా పాఠాలు చెప్పే మనిషి కూడా. ఎంత గొప్ప మందైనా రెండు నిమిషాల్లో గుటకతో కడుపులోకి పోతే పుండుకు దక్కేదేముంది?

మీ మొదటి ట్యూబు విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. ‘ఇసుక పోసుకున్నట్టు’ అన్న మీ మాట చదవగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ప్రాక్టీసు పెట్టిన తొలి రోజుల్లో ఒక కుట్టుపని ఆవిడకు ఇదే పేస్టు రాసి పంపాను. ఆరు వారాల తర్వాత వచ్చి, ఏమీ తగ్గలేదండీ అంది. మందు మార్చబోతూ, ఎందుకో ఆగి, ఒకసారి నా ఎదుట వేసుకోమన్నాను. చూపుడు వేలి మీద బారెడు పేస్టు పిండుకుని, పళ్లపొడితో తోముకున్నట్టు బుగ్గంతా రుద్దింది. నిమిషంలో అది పొడిపొడిగా రాలి నాలుక మీదికి వచ్చింది. ఆవిడ ఉమ్మేసింది. ఆరు వారాలూ అలాగే చేసింది పాపం. ఎలా వేసుకోవాలో చూపించకుండా చీటీ రాసిచ్చిన తప్పు నాదే. ఆ రోజు నుంచి ఏ పేషెంటుకూ అద్దం ముందు కూర్చోబెట్టి చూపించకుండా ఈ మందు ఇవ్వలేదు.

ఆ పేస్టు మామూలు క్రీము కాదు. అందులో జెలటిన్, పెక్టిన్ లాంటి, తడి తగిలితే బంకలా మారే పదార్థాలు ఉంటాయి. ఒత్తితే అతుక్కుంటుంది, రుద్దితే ముక్కలైపోతుంది. కాబట్టి ఇలా చేయండి. రాత్రి భోజనం అయి, పళ్లు తోముకుని, నోరు బాగా పుక్కిలించాక, వెలుతురు ఉన్నచోట అద్దం ముందు కూర్చోండి. ఎడమ బుగ్గను పక్కకు లాగి, శుభ్రమైన గాజుగుడ్డ ముక్కను పుండు మీద మెత్తగా అద్ది తడి పీల్చనివ్వండి. తుడవకండి, అద్దండి. తర్వాత పెసరగింజంత పేస్టు వేలి కొసన తీసుకుని పుండు మీద పెట్టి, రుద్దకుండా పది పదిహేను సెకన్లు ఒత్తి పట్టుకోండి. వేలు కొంచెం తడి చేసుకుంటే పేస్టు వేలికి అంటుకోకుండా పుండుకు అంటుకుంటుంది. అక్కడ నున్నటి పలచని పొర ఏర్పడుతుంది. అది చేతికి తగిలితే మందు కుదిరినట్టే. ఆపైన అరగంట దాకా నీళ్లు కూడా వద్దు, మాట కూడా తగ్గించండి. పడుకునే ముందు వేసుకోమనేది అందుకే. నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది, నాలుక కదలదు, మందు ఎక్కువసేపు నిలుస్తుంది. పగలు టిఫినూ భోజనమూ అయ్యాక మరో రెండుసార్లు వేసుకోవచ్చు.

ట్రయామ్సినలోన్ 0.1 శాతం పేస్టు మధ్యరకం బలం ఉన్న స్టెరాయిడ్. చిన్న పుండు, ఒకటి రెండు చోట్ల ఎరుపు ఉన్నవారికి సరిగ్గా వేసుకుంటే చాలాసార్లు ఇదే సరిపోతుంది. మీరు పారేయకండి. కానీ మీకు రెండేళ్ల నుంచి పుండు ఉంది, చిగుళ్లు కూడా దెబ్బతిన్నాయి అంటున్నారు. ఉత్తరం చదివి చెప్పగలిగినంతలో, మీకు ఇంకొంచెం బలమైనది కావాలి. ఆ సంగతి మీ చర్మ వైద్యులకు తెలుసు కనుకే క్లోబెటసాల్ రాశారు.

క్లోబెటసాల్ 0.05 శాతం పూతమందు స్టెరాయిడ్లలో అన్నిటికంటే పై మెట్టులో ఉంటుంది. ట్యూబు మీద ‘పైపూతకు మాత్రమే’ అని ఎందుకుంటుందంటే, కంపెనీ దాన్ని చర్మం కోసం అనుమతి తీసుకుని తయారుచేసింది కాబట్టి. నోటి లైకెన్ ప్లానస్‌కు ప్రపంచమంతటా నోటి వ్యాధుల నిపుణులు దీన్ని ఏళ్లుగా వాడుతున్నారు. డాక్టరు తెలిసే రాశారు. మీరు భయపడి మూత తీయకపోవడంలో తప్పులేదు, ఆ ఒక్క ముక్క ఎవరైనా మీకు ముందే చెప్పి ఉండాల్సింది.

వాడేటప్పుడు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. క్రీము రూపం నోటికి పనికిరాదు. చేదుగా ఉంటుంది, ఉమ్మితో కొట్టుకుపోతుంది. ఆయింట్‌మెంట్ గానీ జెల్ గానీ మేలు. ఆయింట్‌మెంట్ గ్రీజులా ఉంటుంది కనుక తడి బుగ్గ మీద జారిపోతుంది. అందుకే కొందరు డాక్టర్లు అతుక్కునే పేస్టును దాంట్లో సమపాళ్లలో కలిపి వేసుకోమంటారు. గాజుగుడ్డతో తడి అద్దడం, పెసరగింజంత పెట్టడం, అరగంట ఆగడం, ఈ పద్ధతి దీనికీ మారదు. సాధారణంగా రోజుకు రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడి, పుండు మానుతున్నకొద్దీ రోజుకు ఒకసారికి, తర్వాత రోజు విడిచి రోజుకు, ఆపైన వారానికి రెండుసార్లకు తగ్గిస్తారు. కొంచెం నయమనిపించగానే ఒక్కసారిగా ఆపేస్తే పుండు మళ్లీ లేస్తుంది. తగ్గిందికదా అని ఎడాపెడా వాడుతూ పోయినా ప్రమాదమే, బలమైన స్టెరాయిడ్ నెలల తరబడి లోపలికి పోతే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఉత్పత్తి మందగించవచ్చు. లెక్క మీ డాక్టరుదే ఉండాలి.

చిగుళ్ల విషయంలో ఒక ఉపాయం ఉంది, ఇది మన దగ్గర చాలామందికి తెలియదు. చిగురు మీద మందు నిలవడం మరీ కష్టం. పళ్ల డాక్టరు మీ పళ్ల అచ్చు తీసి, మెత్తటి ప్లాస్టిక్ ట్రే చేసిస్తారు. చిగుళ్ల దాకా కప్పుతుంది. దాని లోపలి అంచున మందు పలచగా రాసి, రాత్రి పది ఇరవై నిమిషాలు పెట్టుకుని తీసేయాలి. వేలితో ఎన్నాళ్లు రాసినా తగ్గని చిగుళ్ల ఎరుపు ఈ ట్రేతో నెలలోపే తగ్గుముఖం పట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. మీరు వెళ్లినప్పుడు దీని గురించి తప్పకుండా అడగండి.

ఒక హెచ్చరిక. మందుల షాపులో ‘క్లోబెటసాల్ ఇవ్వండి’ అంటే కొందరు తామరకు వాడే కలగాపులగం క్రీము చేతిలో పెడతారు. అందులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపి ఉంటాయి. అది మీ నోటికి వద్దు. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రం 2018లో నిబంధన పెట్టింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. అట్ట మీద పేరు మీరే చదువుకోండి, క్లోబెటసాల్ ఒక్కటే ఉండాలి.

పుండ్లు బుగ్గంతా, నాలుకంతా పరుచుకుని వేలితో రాయలేని స్థితిలో ఉన్నవారికి పుక్కిలింత మేలు. బీటామెథసోన్ అనే స్టెరాయిడ్‌లో నీళ్లలో కరిగే 0.5 మిల్లీగ్రాముల మాత్రను రెండు మూడు చెంచాల నీళ్లలో కరిగించి, మూడు నాలుగు నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయమంటాం. మింగకూడదు, మీలాంటి షుగరున్నవాళ్లు అసలే మింగకూడదు. మీకు ఒకే పుండు అన్నారు కనుక ప్రస్తుతానికి ఇది అక్కర్లేదేమో.

షుగరు మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. స్టెరాయిడ్ పూత వాడే నోట్లో ఫంగస్ చేరడం మామూలు, షుగరుంటే మరీనూ. పెరుగు మీగడలా తెల్లటి పొర కనిపిస్తుంది, నాలుక మండుతుంది, రుచి పోతుంది. దీన్ని చూసి జబ్బు ముదిరిందనుకుని స్టెరాయిడ్ ఇంకా ఎక్కువ రాసుకుంటారు, ఫంగస్ ఇంకా పెరుగుతుంది. తేడా తెలుసుకోవడం తేలికే. గాజుగుడ్డతో తుడిస్తే ఫంగస్ పొర ఊడి వస్తుంది, కింద ఎర్రగా కనిపిస్తుంది. లైకెన్ ప్లానస్ గీతలు ఎంత తుడిచినా పోవు. ఫంగస్ అయితే క్లోట్రిమజోల్ నోటి పూతమందుతో వారం పది రోజుల్లో పోతుంది. కట్టుడు పళ్లు ఉన్నవాళ్లు రాత్రి తీసి కడిగి పెట్టుకోవాలి. షుగరు అదుపులో ఉంటే ఈ బెడద సగం తగ్గుతుంది, పుండూ త్వరగా మానుతుంది.

ఇక మీ అబ్బాయి చెప్పిన టాక్రోలిమస్. అతను చదివింది తప్పు కాదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు మాత్రలుగా వేసుకునే మందు ఇదే. 1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని కనిపెట్టారు. ఇది స్టెరాయిడ్ కాదు. దాడి చేసే కణాలను వేరే దారిలో శాంతపరుస్తుంది. పొర పలచబడటం లాంటి స్టెరాయిడ్ ఇబ్బందులు దీనికి లేవు. స్టెరాయిడ్‌కు లొంగని పుండ్లు దీనికి లొంగడం నేను చూశాను.

అయినా నేను దీన్ని మొదట ఇవ్వను. కారణాలు చెబుతాను. మొదటి కొన్ని రోజులు రాసినప్పుడల్లా చాలామందికి భగ్గున మండుతుంది. ఇప్పటికే కారం తగిలితే కళ్లనీళ్లు పెట్టుకుంటున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. మందు ఆపాక పుండు తిరగబెట్టడం కూడా తరచు చూస్తాం. ఇక మూడోది ముఖ్యమైనది. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2006లో ఈ ఆయింట్‌మెంట్ మీద నల్లగడి హెచ్చరిక (మందు కాగితం మీద నల్ల గీతల గడిలో అచ్చువేసే గట్టి హెచ్చరిక) పెట్టించింది, దీర్ఘకాలం వాడినవారిలో అరుదుగా క్యాన్సర్లు కనిపించాయని. వాటికి ఈ మందే కారణమని రుజువు కాలేదు. అయినా లైకెన్ ప్లానస్ తనంతట తానే కొద్దిపాటి క్యాన్సర్ ముప్పు ఉన్న జబ్బు. అలాంటి చోట ఈ మందును అవసరమైనంత కాలమే, డాక్టరు కన్ను పడుతుండగానే వాడాలని నా పట్టుదల. ముక్క పరీక్ష జరగకుండా దీన్ని మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను. మీకు ఆ పరీక్ష అయింది, మంచిదే. ఆ ట్యూబును బీరువాలోనే ఉంచండి. క్లోబెటసాల్ సరైన పద్ధతిలో ఆరు వారాలు వాడినా పుండు మొండికేస్తే అప్పుడు దాని వంతు వస్తుంది. అప్పుడైనా మీ డాక్టరు వెయ్యమంటేనే.

ఈ మందులను పోల్చి చేసిన పరీక్షలను 2020లో కొక్రేన్ సమీక్షకులు జల్లెడ పట్టారు. వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి తూచే అంతర్జాతీయ సంస్థ అది. మందు కలపని ఉత్తి పూతతో పోలిస్తే స్టెరాయిడ్ పూత నొప్పిని తగ్గించవచ్చని, నొప్పి విషయంలో టాక్రోలిమస్ స్టెరాయిడ్ కంటే ముందుండే అవకాశం ఉందని తేల్చారు. అయితే ఈ ఆధారాలన్నీ బలహీనమైనవేనని కూడా నిక్కచ్చిగా రాశారు. చాలా పరీక్షల్లో మనుషులు తక్కువ, కాలం తక్కువ. కాబట్టి ‘ఇదే నంబర్ వన్’ అని ఎవరైనా మీకు గట్టిగా చెబితే నమ్మకండి.

కలబంద గురించి మీరు అడగలేదు గానీ అడిగేవాళ్లు చాలామంది. థాయ్‌లాండ్‌లో 54 మందిపై జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, ఎనిమిది వారాలు కలబంద జెల్ రాసినవారికి ఉత్తి జెల్ రాసినవారికంటే ఎంతో బాగా తగ్గింది. హాని తక్కువ కనుక తేలికపాటి మంటకు ప్రయత్నించినా నేను అడ్డు చెప్పను. కానీ పెరట్లో ఆకు కోసి నేరుగా పెట్టుకోవద్దు. కోయగానే కారే పసుపుపచ్చ జిగురు నోటిని మండిస్తుంది, కడుపులోకి పోతే విరేచనాలవుతాయి. పసుపు మీద కూడా చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. స్టెరాయిడ్ మానేసి దాన్ని నమ్ముకునేంత బలం వాటికి లేదు. మందుల షాపులో ఇచ్చే తిమ్మిరి జెల్ అన్నం తినే ముందు పది నిమిషాల ఉపశమనానికి మాత్రమే, జబ్బును తగ్గించదు. బీ-కాంప్లెక్స్ ఇక ఆపేయవచ్చు. రక్తపరీక్షలో బీ12, ఐరన్ తక్కువ ఉంటే అది వేరే లెక్క.

పూతమందు సరిగ్గా వేసినా కొందరికి తగ్గదు. అప్పుడు నోటిని గిచ్చుతున్నదేదో వెతకాలి. మీ విషయంలో నేను మొదట చూసేది పళ్ల మీది గార. చిగురు మండుతుందని బ్రష్ తగ్గిస్తారు, గార పేరుకుంటుంది, దాంతో చిగురు ఇంకా వాస్తుంది. మెత్తటి బ్రష్ కొనుక్కోండి, పళ్లు క్లీనింగ్ చేయించుకోండి. చేయించుకున్న రెండు మూడు రోజులు కొంచెం మంటగా ఉంటుంది, ఓర్చుకోండి. నురగ ఎక్కువ వచ్చే పేస్టులు, లవంగం, దాల్చినచెక్క, ఘాటు పుదీనా ఉన్న పేస్టులు మానేయండి. పిల్లల పేస్టు అయినా ఫర్వాలేదు, నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ లేనిది ఇంకా మంచిది. పుండుకు ఎదురుగా పదునైన పన్ను ఉందా, పాత వెండి రంగు ఫిల్లింగ్ ఉందా అని డాక్టరును చూడమనండి. ఆ ఫిల్లింగ్ తగిలే చోటే పుండు ఉంటే, దాన్ని మార్చగానే తగ్గినవాళ్లున్నారు.

బీపీ, షుగరు మాత్రల్లో కొన్ని ఇలాంటి మచ్చలే తెప్పించగలవు. కీళ్లనొప్పుల మాత్రలకూ ఆ గుణం ఉంది. మీ మాత్రల పేర్లన్నీ కాగితం మీద రాసుకెళ్లి చూపించండి. మీరు మాత్రం సొంతంగా ఏదీ ఆపొద్దు. బీపీ మాత్ర ఆపడం ఈ పుండు కంటే పెద్ద ప్రమాదం.

ఇంకో మాట. ఆడవాళ్లు దీన్ని డాక్టరుతో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు కాబట్టి నేనే రాస్తున్నాను. ఇదే జబ్బు మర్మస్థానంలో కూడా మంట, పుండు, పొర అతుక్కుపోవడం లాంటి ఇబ్బందులు తేవచ్చు. చిగుళ్లు ఎర్రబడినవారిలో ఇది ఎక్కువగా చూస్తాం. అలాంటిదేమైనా ఉంటే వయసు వల్లలే అని ఊరుకోకుండా గైనకాలజిస్టుకు నోటి జబ్బు పేరు చెప్పి చూపించుకోండి. మణికట్టు దగ్గర దురదపెట్టే ఊదారంగు మచ్చలున్నా చెప్పండి.

జీవితాంతం మందు వాడాలా అన్నారు. జబ్బు ఏళ్ల తరబడి ఉంటుంది, అది నిజం. చర్మం మీద వచ్చే లైకెన్ ప్లానస్ చాలామందికి ఏడాది రెండేళ్లలో పోతుంది, నోట్లోది అంత తేలిగ్గా వదలదు. కానీ మందు ఏళ్ల తరబడి వాడక్కర్లేదు. పుండు లేచినప్పుడు వాడతాం, మానాక తగ్గించి ఆపుతాం. మళ్లీ లేస్తే మళ్లీ వాడతాం. పరీక్షల కాలం, ఇంట్లో ఏదైనా టెన్షన్, నిద్రలేమి ఉన్నప్పుడు ఎక్కువవుతుందని పేషెంట్లు చెబుతుంటారు. ఒక చిన్న నోటు పుస్తకంలో ఏ రోజున పుండు లేచింది, ఏం తిన్నారు, ఏ మందు ఎన్నిరోజులు వేశారు రాసుకోండి. టీచరు గారికి ఇది నేను నేర్పక్కర్లేదు. ఆరు నెలలకు ఆ పుస్తకం చూస్తే మీ జబ్బు నడక మీకే అర్థమవుతుంది.

క్యాన్సర్ గురించి దాచకుండా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న నోటి జబ్బుల్లో చేర్చింది. ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో సుమారు నూటికి ఒకరికి అలా మారింది. అంటే 99 మందికి మారలేదు. భయంతో నిద్ర పాడుచేసుకోవాల్సినంత లేదు, పరీక్ష మానేసేంత తక్కువా కాదు. ఆరు నెలలకొకసారి నోరు చూపించుకోండి. ఈలోగా ఒకేచోట మూడు వారాలైనా మానని పుండు, అంచులు గట్టిపడటం, గడ్డ, నాలుక పక్కన మందంగా కొత్త మచ్చ, తిమ్మిరి, మెడలో బిళ్ల కనిపిస్తే ఆరు నెలలు ఆగకండి. అప్పుడు మరోసారి ముక్క పరీక్ష చేయమని మీరే అడగండి. ఒకసారి చేశారు కదా అని ఊరుకోకూడదు. వక్క, జర్దా, కిళ్లీ అలవాటు ఉంటే ఈరోజే మానేయండి, ఇంట్లో పేరంటానికి వేసుకునే వక్కపలుకు కూడా. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ల అంగిట్లో వచ్చే తెల్లమచ్చ వేరే జబ్బు, దాని ముప్పు వేరు. ఆ అలవాటున్న పెద్దవాళ్లు మీకు తెలిసి ఉంటే వాళ్లనూ పంపించండి.

మీకు విజయవాడ దగ్గరే. అక్కడి ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ‘ఓరల్ మెడిసిన్’ విభాగం అని అడిగి వెళ్లండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, కడపలోనూ కూడా ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి, ఆ చుట్టుపక్కల పాఠకులు అక్కడ చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు మూడు ట్యూబులూ, పాత ముక్క పరీక్ష రిపోర్టూ సంచిలో పెట్టుకెళ్లండి. ‘ఇమ్యునోఫ్లోరసెన్స్’ (తీసిన ముక్కను మెరిసే రంగుతో చూసే ప్రత్యేక పరీక్ష) అవసరమా అని కూడా అడగండి. ఎర్రబడిన చిగుళ్ల వెనక పెంఫిగస్, పెంఫిగాయిడ్ లాంటి పొక్కుల జబ్బులు ఉండొచ్చు, మామూలు ముక్క పరీక్షలో అవి అప్పుడప్పుడు తప్పించుకుంటాయి.

ఇక ఆవకాయ. పుండు ఉన్నంతకాలం వద్దు. కారం, పులుపు, ఉప్పు మూడూ ఒకేసారి తగిలితే ఏ మందూ నిలబడలేదు. ఈ ఆరు వారాలు చల్లార్చిన ముద్దపప్పు, నెయ్యి, పాలు పోసి వండిన సొరకాయ కూర, కమ్మటి పెరుగన్నం, ఇడ్లీ తినండి. వేడివేడిగా వద్దు, గోరువెచ్చగా ఉంటే చాలు. గోంగూర, చింతపండు పులుసు, కరకరలాడే మురుకులు పక్కన పెట్టండి. పుండు పూడి, ఎరుపు పోయి, ఉట్టి గీతలే మిగిలాక, ఒక ఆదివారం పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వేసి, ఆవకాయ ముక్కను నీళ్లలో ఒకసారి కడిగి చిన్న తుంపు కలుపుకోండి. కుడి బుగ్గన నమలండి. మంట లేకపోతే వచ్చే ఆదివారం కడగకుండా తినండి. నా కుట్టుపని ఆవిడ అలాగే మొదలుపెట్టింది. నాలుగో వారానికి ఊట కలుపుకుని తిన్నానండీ అని ఫోను చేసింది.